కళ్ళకద్దుకున్న నోటు

సిడ్నీలో స్కోఫీల్డ్స్ నుంచి పారమట్టా వెళ్తుంటే, రైల్లో పక్క సీటు పెద్దావిడ ప్లాస్టిక్ కవరులో ఉన్న పాత నోటొకటి చూడమని ఇచ్చింది. స్కూలు పిల్లలకు చూపించడానికి తీసుకెళ్తోందట. దాని మీద మోషే ప్రవక్త బొమ్మ. అలవాటుకొద్దీ కళ్ళకద్దుకున్నాను.

"ఎందుకలా?" అంది.

"మనీ అంటే మాకు లక్ష్మీదేవి, ఆంటీ."

"ఇది మనీ కాదు. యుద్ధంలో మా యూదుల్ని బంధించిన ఘెట్టోలో, బయటివాళ్ళకు అంతా బాగున్నట్టు కనిపించాలని నాజీలు అచ్చేయించారు. దీంతో మా అమ్మ ఒక్క రొట్టె కూడా కొనలేకపోయింది."

సిగ్గేసింది. సారీ చెప్పి తిరిగిచ్చేశాను.

ఆవిడ కాసేపు దాన్నే చూసి, అచ్చం నాలాగే కళ్ళకద్దుకుంది.

"అమ్మ చేతిలో ఉన్నదే కదా," అంది.