అమ్మ పాడని శ్రుతి

బ్రౌన్ డ్వార్ఫ్ అంటే నక్షత్రం కాబోయి కాలేకపోయినది అని అందరూ రాస్తారు. నేను ఒప్పుకోను. విజయనగరంలో ఇన్నేళ్లుగా ఫిజిక్సు చెబుతున్నాను, ఆ మాట క్లాసులో ఒక్కసారీ అనలేదు. మొన్న స్టాఫ్‌రూములో ఒక సహోద్యోగి, సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ అలాంటిదొకటి తిరుగుతోందన్న వార్త చదివి, "పాపం, ఫెయిలైన నక్షత్రం మేడమ్" అన్నాడు.

"ఫెయిలయ్యానని మీతో సెప్పిందేటండీ?"

"మీతో పెట్టుకోకూడదండీ బాబూ" అని టీ గ్లాసు అందుకున్నాడు.

హైడ్రోజన్‌ను మండించేంత బరువు దానికి లేదు, నిజమే. కానీ వేడి ఉంది, మన కంటికి ఆనని వెలుగూ ఉంది. పెద్దదాని వెలుగులో అది కనబడదు. ఆ పెద్దది కాస్త ఇటూ అటూ ఊగుతుంటే, పక్కన ఇంకొకరున్నారని మనకు తెలుస్తుంది.

అమ్మ నాకు అలాగే తెలిసింది. నాన్న గుడిలో సాయంత్రం సేవకు కీర్తనలు పాడేవారు, వెనక అమ్మ తంబురా మీటేది. నాన్న శ్రుతి నుంచి వెంట్రుకవాసి జారితే, అమ్మ తీగను కొంచెం గట్టిగా మీటేది. ఆయన తల తిప్పకుండానే సర్దుకునేవారు. జనం మాత్రం ఆయన్నే మెచ్చుకునేవారు.

"మీ యమ్మకి గొంతు నేదే" అనేది మేనత్త. "పెళ్లైన కొత్తలో పాడించాం కదా, కింద స్వరాలే పలకనేదు."

"అప్పుడు తంబురా ఎవరి శ్రుతిలో ఉన్నాదత్తా?"

"ఇంకెవరిది, మా తమ్ముడిదే. కోడలు పాడతాదని శ్రుతి మార్సేత్తారేటి?"

మగగొంతుకు కట్టిన శ్రుతిలో ఓ ఆడపిల్లను ఒక్కసారి పాడించి, జీవితకాలానికి తీర్పు చెప్పేశారు. అమ్మ వాదించలేదు. వాదనంతా నాకే వచ్చింది.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి తొందరగా వచ్చేశాను. పెరట్లో అమ్మ బట్టలు ఆరేస్తూ పాడుతోంది. నాన్న పాడే కీర్తనే, కానీ ఎంతో ఎత్తులో, తన శ్రుతిలో. పై షడ్జం మీద ఆమె గొంతు వణక్కుండా నిలబడింది. బాగా వినాలని ఇంకో అడుగు వేశాను. తిరిగి చూసి, ఆపేసింది.

"ఏటే, అప్పుడే వచ్చీసావు? అన్నం తింతావా?"

"పాడవే అమ్మా, ఆ చరణం."

"పోవే, పనీపాటా నేదేటి నీకు?"

ఆ తర్వాత ఎన్నిసార్లు బతిమాలినా పాడలేదు. ఇప్పుడు అమ్మ లేదు. ఆ షడ్జం కోసం నా చెవులు ఇంకా పెరటివైపే ఉంటాయి. నన్ను చూసి ఎందుకు ఆపేసింది? నేనూ ఆ తీర్పు చెప్పినవాళ్లలో ఒకదాన్ననుకుందా?