నాకు సరిగ్గా సరిపోయిన గాగుల్స్

ట్రయథ్లాన్ పోటీ కోసం నల్లగొండలో స్విమ్మింగ్ పూల్‌కు ఈతకు వెళ్తున్నాను. ఇప్పటిదాకా కొన్న గాగుల్స్ అన్నిట్లోకీ నీళ్లు దూరాయి. ఈ పొద్దున రోజూ పక్కన ఈదే ఆయన తనవి తీసి, "ఇవి పెట్టి చూడు తమ్మీ" అన్నాడు. రెండు రౌండ్లు ఈదాను. చుక్క నీరు రాలేదు.

"మస్తు ఈదుతున్నవ్. ఎవల బాయిల నేర్చినవ్?"

"మా ఎస్సీ కాలనీ పోరగాళ్లను బాయిలల్ల దిగనియ్యకపోదురు అన్నా. హాలియా కాడ సాగర్ కాలువల నేర్చిన."

గాగుల్స్ తిరిగి ఇవ్వబోతే ఆయన చెయ్యి చాపలేదు.

"నువ్వే ఉంచుకో. నాకు ఇంట్ల ఇంకోటున్నది."

ఆ తర్వాత నేనున్న నీళ్లలోనే, ఉత్త కళ్లతో, అవి ఎర్రబడేదాకా ఈదాడు.

ఇన్నాళ్లకు నాకు సరిపోయినవి దొరికాయి. రేపు పెట్టుకోవాలా, ఆయన ముందే చెత్తబుట్టలో వేయాలా? మీరైతే ఏం చేసేవారు?