కొండ దాకా వచ్చే బ్యాటరీ

ముందు చప్పుడు వస్తుంది. ఎవరో గాలిలోంచి వెండి దారం లాగుతున్నట్టు, సన్నగా, జుయ్ మని. వంటిళ్లలో మొద్దుబారిన కత్తుల కోసం వెతుకులాట మొదలవుతుంది. ఆ తర్వాతే వీధి మలుపులో పదునక్క కనబడుతుంది.

ముప్ఫై ఏళ్లు ఆమె కాలితోనే సైకిలు తొక్కింది, అదే కాలితో సాన చక్రం తిప్పింది. నిరుడు మోకాలు మొరాయించింది. కింది వీధులు ఎలాగో నెట్టుకొచ్చినా, కొండెక్కడం మానేసే రోజు దగ్గరపడింది. కొండ మీద ఆసుపత్రి వంటశాల ఉంది. అక్కడి ఇరవై కత్తులూ ఆమె చేతిలో పెరిగిన పిల్లలు. వాటిని ఇంకొకరి చేతిలో పెట్టడం ఆమెకు మింగుడు పడలేదు. అందుకే ఎలక్ట్రిక్ బైకు తీసుకుంది. ఇక ఎంత బ్యాటరీ అన్నదే తేలాలి.

ఆమె ఉండే మేడ కిందే బ్యాటరీ షాపు.

"రోజుకి ఎంత దూరం అక్కా?" అన్నాడు మెకానిక్కు.

"పోను రాను ఇరవై కిలోమీటర్లు. చివర్లో కొండ."

"అయితే పది యాంప్ అవర్ చార్జి పట్టే బ్యాటరీ చాలు."

పక్కనే ఉన్న ఆమె మొగుడు, ఒకప్పటి లారీ డ్రైవరు, ఊరుకుంటాడా? "పదేనా! ట్యాంకు నిండా లేని బండి బండే కాదు. ఇరవైది తీసుకో."

"నువ్వు నడిపింది లారీ బావా. దీన్ని రోజూ మూడంతస్తులు మోసుకెళ్లి చార్జింగు పెట్టేది నేను."

పదిదే తీసుకుంది. నచ్చకపోతే మార్చిస్తానన్నాడు మెకానిక్కు.

మొదటిరోజు గాలే వెనకనుంచి తోస్తున్నట్టు కొండెక్కింది. వంటశాల పెరట్లో పదహారో కత్తి పూర్తయ్యేసరికి చప్పుడు పలచబడి, తెగిపోయింది.

"ఏంటక్కా, నీ చక్రం నిద్రపోయిందా?" అన్నాడు పెద్ద వంటవాడు.

మిగతా నాలుగూ చేతిరాయి మీద నూరింది. కొండ దిగుడు బండే దిగింది. చదునులో మాత్రం తనే నెట్టుకుంటూ షాపుకొచ్చి పడింది.

"ఏం లెక్క తమ్ముడూ నీది!"

మెకానిక్కు వంగి చూశాడు. "సాన చక్రానికి కూడా మోటారు పెట్టించావా? ఇదే బ్యాటరీతోనా? మరి చెప్పలేదేం?"

పదునక్క నోరెళ్లబెట్టింది. "ఇన్నేళ్లూ దాన్ని తిప్పింది నా కాలే కదరా! అదీ కరెంటు తింటుందని నాకెక్కడ తోచింది?"

"నేను అప్పుడే చెప్పలా, ఇరవై అని!" మొగుడు మీసం దువ్వాడు.

ఆమె షాపులోని ఇరవై యాంప్ అవర్ బ్యాటరీని తీసి అతని చేతుల్లో పెట్టింది. "పైకి మోసుకెళ్లు బావా."

రెండో అంతస్తు మెట్ల మీద అతను చతికిలబడ్డాడు.

"ట్యాంకు నిండిందా?"

"మధ్యది... మధ్యది బావుంటుందేమోనే," అన్నాడు రొప్పుతూ.

రోడ్డు, కొండ, సాన మూడూ కలిపి మెకానిక్కు మళ్లీ లెక్క వేశాడు. పదిహేను యాంప్ అవర్ తేలింది. ఏళ్లు గడిచేకొద్దీ బ్యాటరీ నీరసిస్తుంది కాబట్టి అందులో కాస్త మిగులు కూడా వేశానన్నాడు.

ఇప్పుడు మధ్యాహ్నం వేళ వంటశాల పెరట్లో ఇరవై కత్తులూ ఒకే వరసలో మెరుస్తున్నాయి. ఆమె కథ రాసుకోవడానికి వచ్చిన మనిషి పుస్తకం మూస్తుంటే, పదునక్క బ్యాటరీ మీద చార్జి చూపే గీతల వంక చూసి చెయ్యి చాపింది.

"తిరుగుదారికి పోను ఇంకా చార్జి మిగులుతుంది. నీ సంచిలో కత్తెరో గిత్తెరో ఉంటే ఇటు తే."