నా సైకిల్ ప్రయాణం, వాళ్ళ ప్రార్థన

అమ్మ ఒక్కదానికే చెప్పాను. తార్నాకలో మా ఇంటి వంటగదిలో, తను చిక్కుడుకాయలు బాగుచేస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను. చెప్పాల్సిన మాటలు ముందే డైరీలో రాసుకుని, రెండుసార్లు చదువుకుని మరీ వెళ్ళాను. యూనివర్సిటీలో నాతో చదివే స్నేహితురాలూ నేనూ సైకిళ్ళు రైల్లో వేసుకుని అరకు వెళ్తున్నాం, అక్కడి కొండల్లో మట్టిదారుల మీద రెండు రోజులు సైకిల్ తొక్కి తిరిగి రైలెక్కుతాం. అమ్మ ఈనె తీస్తూ, "సరే, నాన్నకి నేను మెల్లగా చెప్తాలే. నువ్వు నోరెత్తకు," అంది.

నోరెత్తకపోవడం నాకు బాగా వచ్చిన పని. ఎత్తలేదు.

అప్పటికే మేము చాలా రోజులుగా సిద్ధమవుతున్నాం. స్నేహితురాలిది సిద్దిపేట వైపు పల్లె, క్యాంపస్ హాస్టల్లో ఉంటుంది. ఘాట్ రోడ్డంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు. వాళ్ళ ఊళ్ళో అంతా చదునైన పత్తిచేలు. నేను తార్నాకలోనే పుట్టి పెరిగాను. నాకు తెలిసిన పెద్ద ఎత్తు ఫ్లైఓవరే. అందుకని పొద్దున్నే హాస్టళ్ళ వెనక, బండరాళ్ళ మధ్య కాలిబాటల్లో గేర్ సైకిళ్ళు తొక్కేవాళ్ళం. సామాను బరువుకి అలవాటు పడాలని నేను వీపు సంచీలో లైబ్రరీ పుస్తకాలు నింపుకునేదాన్ని.

"ఏం మోస్తున్నవే అండ్ల?" అని అడిగింది తను ఒకరోజు.

"నవలలు."

"అయితే దిగేటప్పుడు జెర పైలం. ఆళ్ళ కష్టాలన్నీ నీ వీపు మీదనే ఉన్నయ్."

మ్యాపు చదవడం ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. ఎత్తు చూపించే గీతలు దూరం దూరంగా ఉంటే దారి నెమ్మదిగా ఎక్కుతున్నట్టు, ఒకదాని మీద ఒకటి పడ్డట్టుంటే నిట్టనిలువుగా ఉన్నట్టు. అలాంటి చోట్లన్నీ ఎర్ర పెన్సిల్‌తో గుర్తుపెట్టి, అక్కడ దిగి నడిపించుకుంటూ పోవాలని అనుకున్నాం. పొడవాటి దిగుడులో బ్రేకు అదేపనిగా పట్టుకుంటే వేడెక్కిపోతుందట. నొక్కి వదలడం, నొక్కి వదలడం అలవాటు చేసుకున్నాం. బస ఒక చిన్న లాడ్జిలో. నడిపేది ఒకావిడ. చీకటి పడకముందే గది చేరాలి, చేరగానే ఇంటికి ఫోన్ చేయాలి. దారిలో సిగ్నల్ ఉండదని ఆవిడే చెప్పింది. ఇంత ఆలోచించి నేను జీవితంలో ఇంకే పనీ చేయలేదు.

శుక్రవారం మధ్యాహ్నాలు మా చర్చి ఆడవాళ్ళ ప్రార్థన కూడిక వంతులవారీగా ఒక్కో ఇంట్లో జరుగుతుంది. ఆ వారం మా ఇంట్లో. గుంటూరు, ఏలూరు వైపుల నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ టీచర్లుగా, గుమాస్తాలుగా స్థిరపడ్డ కుటుంబాలవాళ్ళే ఎక్కువ. కూడిక నడిపించే ఆంటీ మల్కాజ్‌గిరిలో ఉంటుంది, రిటైరైన టీచరు. పాట అయ్యాక, "అంశాలు చెప్పండమ్మా," అంది. ఎవరికి ఏం కష్టముందో చెబితే, అందరి తరఫునా ఆవిడ ప్రార్థన చేస్తుంది. వారాసిగూడావిడ మోకాళ్ళ నొప్పి చెప్పింది. గోల్నాకావిడ ఇల్లు ఖాళీ చేయమంటున్న ఓనరు సంగతి చెప్పింది. తర్వాత మా అమ్మ గొంతు సవరించుకుంది.

"మా పెద్దదాని గురించండీ. కొండల్లోకి సైకిల్ మీద పోతానంటోంది. వాళ్ళ నాన్నకింకా తెలీదు. ప్రార్థనలో పెట్టండి."

"సైకిల్ మీదా! ఎక్కడికమ్మా?"

"అరకంట."

"వామ్మో, హైదరాబాద్ నించి తొక్కుకుంటూనా?" అంది గోల్నాకావిడ.

టీ కప్పుల ట్రే పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. ఆంటీ కళ్ళు మూసేసింది, అందరూ మూసేశారు.

"తండ్రీ, ఈ బిడ్డ సంగతి నీకు తెలుసు. పెళ్ళీడుకొచ్చిన బిడ్డ. ఆ కొండల్లో ఎలాంటివాళ్ళుంటారో నీకు తెలుసు. ఎవరితో వెళ్తోందో, ఎందుకు వెళ్తోందో నీకు మాత్రమే తెలుసు ప్రభువా. కాలో చెయ్యో విరిగితే ఆ తల్లిదండ్రులు ఏమైపోవాలి? ఈ బిడ్డ మనసు మార్చు తండ్రీ."

"అవును ప్రభువా," అన్నారందరూ.

మామూలుగా ఎవరైనా తిడితే కనీసం లేచి గదిలోకి పోవచ్చు. ప్రార్థనలో తిడితే ఏం చేయాలి? అవి నాకు చెప్పే మాటలని ఆ హాల్లో అందరికీ తెలుసు. కానీ పైకి అవి దేవుడితో చెప్పుకుంటున్న మాటలు, మధ్యలో మాట్లాడితే తప్పు నాది. నేను కళ్ళు మూసుకోలేదు. అందుకే చూశాను. "ఎవరితో వెళ్తోందో" అన్నప్పుడు కూడా అమ్మ పెదవులు కదిలాయి. "అవును ప్రభువా." నా స్నేహితురాలు మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిందో, చేపల పులుసు రెండోసారి ఎన్నిసార్లు అడిగి వేయించుకుందో అమ్మకి తెలుసు.

ఆ సాయంత్రమే ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే చేతుల బొమ్మలతో అంశం తిరిగింది. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి వెళ్ళేసరికి అందులో నా పక్కన ఒక అబ్బాయి చేరాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, నాన్నని ఎవరో పక్కకి పిలిచి ధైర్యం చెప్పారు. ఇంటికొచ్చి నాన్న చొక్కా విప్పుతూ, "నా కూతురి సంగతి తెలియనివాణ్ణి చర్చిలో నేనొక్కణ్ణే అన్నమాట," అని గోడకి చెప్పినట్టు చెప్పారు. నాతో మాట్లాడటం మానేశారు.

"నువ్వెందుకు చెప్పావమ్మా?" అన్నాను.

"మంచికే కదే. ఇప్పుడు ఇంతమంది భారంతో ప్రార్థిస్తుంటే నిన్నెలా పంపేది? రేపు నీకేమన్నా అయితే, ముందే చెప్పాం కదా అనరూ?"

అంటే భయం నా కాలు విరుగుతుందని కాదు, విరిగితే వాళ్ళేమంటారో అని. డైరీలో ఆ వాక్యం రాస్తుంటే కాగితం చిరిగింది. ఇంకో కాగితం తీసి మళ్ళీ రాశాను, అదీ చిరిగేంత గట్టిగా.

సోమవారం క్యాంపస్‌లో స్నేహితురాలికి అంతా చెప్పాను. ముందు నవ్వింది. "ఏందే, మీ గ్రూపుల నన్ను పోరణ్ణి చేసిన్రా? మీసాలు పెట్టుకోని రావాల్నా మీ చర్చికి?" తర్వాత నవ్వు ఆగిపోయింది. సైకిల్ స్టాండు కాలితో తన్ని, "మా అమ్మకు ఫోన్లనే చెప్పిన. పైలం బిడ్డా అన్నది, గంతే. మీ అమ్మకు నా మొకం తెల్వదా? గప్పుడు ఒక్క మాట అంటే ఏం పోతుండె?" అంది.

నేను సంచీలోంచి మ్యాపు తీసి మా ఎర్ర గుర్తులు చూస్తూ నిలబడ్డాను.

"చూడు, నువ్వు రాకుంటే నేను గూడ పోను. టికెట్లు క్యాన్సల్ చేసుకుందం. కానీ రానని నువ్వు చెప్పాలె. ఎవరో కండ్లు మూసుకున్నరని కాదు."

తర్వాతి శుక్రవారం కూడిక మల్కాజ్‌గిరిలో ఆంటీ ఇంట్లో. రమ్మని ఆవిడే ప్రత్యేకంగా ఫోన్ చేసింది. అమ్మ ఆటోలో దారిపొడవునా, "అక్కడ ముఖం అలా పెట్టకు," అంటూనే ఉంది. అంశాలు అయ్యాయి. మోకాళ్ళకి కొంచెం నయం. ఓనరు ఇంకా మెత్తబడలేదు. అప్పుడు ఆంటీ నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఈ రోజు ముగింపు ప్రార్థన నువ్వు చెయ్యి తల్లీ. ఆ ప్రయాణం మానుకుంటున్నానని నీ నోటితోనే ప్రభువుకి చెప్పి అప్పగించుకో. మనసు తేలికవుద్ది."

నేను చిన్నప్పటి నుంచీ పైకి ప్రార్థన చేయమంటే నాకు రాదని తప్పించుకునేదాన్ని. ఆ రోజూ అదే అందామనుకున్నాను. కానీ అందరూ అప్పటికే తలలు వంచేశారు. నన్ను చూసే కళ్ళు ఒక్క జత కూడా లేవు. నేను మొదలుపెట్టాను.

"ప్రభువా, మేము రైల్లో వెళ్తున్నాం. హైదరాబాద్ నుంచి తొక్కుకుంటూ కాదు."

ఎవరో అలవాటుకొద్దీ "స్తోత్రం" అన్నారు.

"నాతో వచ్చేది నా స్నేహితురాలు. అబ్బాయి కాదు. మా అమ్మకి ఆ అమ్మాయి తెలుసు, మా ఇంట్లో అన్నం తింటుంది. ఆ దారి మాకు కొత్తదే, అందుకే మ్యాపు చూసి నిటారుగా ఉన్న చోట్లన్నీ గుర్తుపెట్టుకున్నాం. అక్కడ దిగి నడుస్తాం. బ్రేకులు మెకానిక్‌కి చూపించాం. చీకటి పడకముందే గదికి చేరతాం. లాడ్జి ఒకావిడ నడుపుతోంది. ఇవన్నీ ఎవరైనా నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు తండ్రీ. నన్నడక్కుండా నీకు చెప్పారు."

ఆంటీ గట్టిగా దగ్గింది. ఎవరి ప్రార్థనైనా పొడవైతే ఆవిడ అలాగే దగ్గుతుంది. నేను ఆపలేదు.

"ఎవరితో వెళ్తోందో అన్న మాటకి నాకు కోపం వచ్చింది. ఆ మాటకి అవును అన్నవాళ్ళ మీద ఇంకా ఎక్కువ వచ్చింది. వాళ్ళని క్షమించమని అడగాలి, కానీ నాకింకా ఆ మనసు రాలేదు. అబద్ధం చెప్పలేను. నేను వెళ్తున్నాను."

నేను ఆమేన్ అనకముందే ఆంటీ పాట ఎత్తుకుంది. మిగతావాళ్ళు శ్రుతి దొరక్క తలో చోటా కలిశారు. పాట అయ్యాక అందరూ చెప్పుల కోసం ఒకేసారి గుమ్మం దగ్గరకి చేరారు. ఎవరూ టీకి ఆగలేదు.

ఇంటికొచ్చాక అమ్మ హాల్లో నాన్న ముందు పర్సు విసిరేసి, "నీ కూతురు నా పరువు తీసింది. దేవుడి ముందు! అందరి ముందు!" అని అరిచింది.

"నువ్వు నాది తీసింది కూడా వాళ్ళ ముందేగా," అన్నాను. అమ్మతో నేనలా మాట్లాడటం అదే మొదటిసారి.

నాన్న పేపరు దించి చూసి, మళ్ళీ ఎత్తుకున్నారు. అమ్మ వంటగదిలోకి పోయి గిన్నెలు మోగించింది. కాసేపటికి బయటికొచ్చి చెయ్యి చాపింది. "ఆ లాడ్జావిడ నంబరియ్యి."

ఇచ్చాను. హాలు మధ్యలో నిలబడి ఫోన్లో ఆవిణ్ణి నిలదీసింది. తలుపుకి లోపల గడియ ఉందా? వేడినీళ్ళు ఇస్తారా? దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం? ఒంటరిగా వచ్చే మగవాళ్ళకి గదులిస్తారా? అవతల ఆవిడేదో అడిగినట్టుంది. అమ్మ నా వైపు చూడకుండా, "ఇద్దరూ ఆడపిల్లలేనండీ. రెండోది కూడా మా ఇంట్లో పిల్లలాంటిదే. నాకు బాగా తెలుసు," అంది.

ఎంత తేలిగ్గా అనేసింది! ముక్కూ మొహం తెలియని మనిషితో అనగలిగిన ఆ మాట, మా హాల్లో ప్రార్థనకి చాప మీద కూర్చున్న రోజున ఎందుకు అనలేకపోయిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఫోన్ పెట్టేసి, "వెళ్ళు. నేనొప్పుకున్నానని ఆంటీకి మాత్రం చెప్పను," అంది. నేను థాంక్స్ అనలేదు. గదిలోకి వెళ్ళి, టికెట్లు ఉంచమని స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను.