ఫ్రిజ్ మధ్యలో టేపు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఇంకో ఇల్లు దొరక్క, ప్రవీణ, ఆమె భర్త విశ్వతేజ ఒకే ఫ్లాట్‌లో ఉంటూ విడిపోయారు. విడాకులు కావాలంటే ముందు ఏడాది పాటు విడిగా బతకాలట. ఒకే ఇంట్లో ఉన్నా సరే గానీ, ఒకరి వంట ఒకరు తినకూడదంది లాయరమ్మ. ప్రవీణ ఫ్రిజ్ మధ్యలో టేపు అంటించింది. ఆవకాయ సీసా మాత్రం టేపు మీదే ఉండిపోయింది. దాన్ని వదులుకోవడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు.

ఏడాది నిండబోతుండగా విశ్వతేజకు జ్వరం పట్టుకుంది. గోడ అవతల దగ్గు వినలేక ప్రవీణ మిరియాల చారు పెట్టి, అతని తలుపు తట్టింది.

"ఏందిది?"

"చారు. తాగు. జడ్జి ఏమన్న మన కిచెన్‌ల కూసున్నడా?"

అతను గిన్నె వంక ఆశగా చూశాడు.

"వద్దు ప్రవీణా. రేపు కోర్టుల అడిగితే నాకు అబద్ధం రాదు. మళ్లా మొదటికెల్లి ఏడాదంటే నాతోని గాదు."

తలుపు మెల్లగా మూసుకుంది. కాసేపటికి అతనే వచ్చి, దగ్గుకుంటూ తన నూడుల్స్ ఉడికించుకున్నాడు. ప్రవీణ పక్కనే నిలబడి ఆ చారు తనే తాగింది. ఉప్పు వేయడం మర్చిపోయింది. చెబితే ఇద్దరూ నవ్వేవాళ్లే. చెప్పలేదు.