సీటు కింద దాచిన జాయింటు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న రోజుల్లో, నన్ను ఒక సినిమాకు వెహికల్ ఇన్‌ఛార్జిగా వేశారు. ఆఫీసు జూబ్లీహిల్స్‌లో, బండ్ల షెడ్డు ఫిలింనగర్‌లో, నా ఇల్లు రహమత్ నగర్‌లో. ఈ ఉద్యోగం సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. తెర మీద కనిపించే పోలీసు జీపైనా, హీరో బైకైనా, దానికి తెర వెనక ఒక మనిషి జవాబుదారీ. హోదాలో అతను ప్రొడక్షన్ మేనేజరుకు కింద, డ్రైవర్లకు పైన. బండి నడిచినన్నాళ్లూ అతని పేరు ఎవరికీ గుర్తురాదు. ఆగిన రోజున మాత్రం మైకులో పిలుస్తారు.

నేను ఏడో తరగతితో ఆపినవాణ్ణి. వైరింగ్ డయాగ్రమ్ చదవడం నాకెవరూ నేర్పలేదు. పాత పుస్తకాల దుకాణంలో కొన్న సర్వీస్ మాన్యువల్ ఒక చేత్తో, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఇంకో చేత్తో పట్టుకుని ఒక్కో పేజీ మీద ఒక్కో ఆదివారం పోసి నేర్చుకున్నాను. అలా నేర్చినదానికి సర్టిఫికెట్ ఉండదు. సర్టిఫికెట్ లేనివాడికి గౌరవమూ ఉండదు. ఇది నిష్ఠూరం కాదు, నేను చూసిన లెక్క.

ఆ సినిమాలో ఒక ఏటీవీ ఉంది. అంటే రాళ్లలో, బురదలో, ఇసుకలో ఎక్కడైనా పోయే నాలుగు లావు చక్రాల బండి. ఒకటే సిలిండరు, ముందు రేడియేటరు, దాని వెనక చిన్న కరెంటు ఫ్యాను. రేడియేటరుకు ఒక థర్మో స్విచ్ ఉంటుంది. నీళ్లు కాగగానే అది రిలే అనే చిన్న కరెంటు డబ్బాకు కబురు పెడుతుంది, రిలే ఫ్యానును తిప్పుతుంది. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలే చాలు, ఫ్యానుతో పనిలేదు. కానీ సినిమా బండి వేగంగా పోదు. కెమెరా ముందు ఇరవై గజాలు మెల్లగా వచ్చి, ఆగి, వెనక్కి పోయి మళ్లీ వస్తుంది. పూటంతా అదే వరస. అలాంటి బండికి ఫ్యానే ప్రాణం.

షూటింగ్ మొదలైన రెండో వారంలో భాస్కరరావు వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, నలభై దాటాయి, మధురానగర్‌లో కాపురం. డిప్లొమా చదివి, ఏటీవీలు అమ్మే షోరూంలో ట్రైనింగ్ అయి, సొంతంగా పని పెట్టుకున్నాడు. అతన్ని మా మేనేజరు రమణారావు పిలిపించాడు. కాల్ షీటు, అంటే రేపు ఎవరు ఎక్కడికి ఎన్నింటికి రావాలో చెప్పే కాగితం, అందులో అతని పేరు ముందు 'టెక్నీషియన్' అని పడింది. నా పేరు డ్రైవర్ల వరుసలో చివర పడింది. అతనికి కుర్చీ వేసి పింగాణీ కప్పులో టీ ఇచ్చేవారు. నాకు కాగితం గ్లాసు. ఇలాంటివి పట్టించుకోకూడదంటారు. ముప్పై ఎనిమిదేళ్లు కాగితం గ్లాసులో తాగి చూడమనండి.

పైగా నెల తిరక్కుండా అడవిలో పెద్ద షెడ్యూలు ఉంది. బండ్లన్నీ అక్కడికే. వెంట ఒక్క మెకానిక్కునే తీసుకెళ్తామని రమణారావు ముందే చెప్పాడు. నాకు అరవై ఒకటి. ఈ ఒక్క షెడ్యూలు తప్పితే ఇక ఎవరూ పిలవరని నాకు తెలుసు.

ఆ రోజు ఫిలింనగర్ వెనక గుట్ట మీద, రాళ్ల స్థలంలో షూటింగ్. సాయంత్రం అయిదు కావస్తోంది. నాలుగో టేకు మధ్యలో బండి మీద ఎర్ర దీపం వెలిగింది, ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కూలెంటు నీళ్లు బుసబుసా కారాయి. ఫ్యాను తిరగడం లేదు. నేను ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. రమణారావు నావైపు చూడనైనా చూడకుండా భాస్కరరావుకు చెయ్యి ఊపాడు.

నేను వెళ్లి దగ్గరగా నిలబడ్డాను. తప్పు చేస్తే చూద్దామనే నిలబడ్డాను, దాచడమెందుకు. అతను ముందు ఫ్యూజు చూశాడు, బాగుంది. ఫ్యాను ప్లగ్గు ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు పెట్టాడు, ఫ్యాను తిరిగింది. అంటే మోటారు మంచిదే. తీగ బాగైందీ లేనిదీ ఫ్యానే చెప్పాలి కాబట్టి ప్లగ్గు మళ్లీ దాని చోట పెట్టేశాడు. ఆ రిలే తీసి అలాంటిదే ఇంకో రిలే పెట్టాడు, మార్పు లేదు. చివరికి థర్మో స్విచ్ తీగలు రెండూ పీకి ఒకదానికొకటి తాకించాడు. అలా చేస్తే స్విచ్ చెడిపోయినా సరే ఫ్యాను తిరిగి తీరాలి. తిరగలేదు. లోపం స్విచ్‌లో కాదు, స్విచ్ నుంచి రిలే దాకా పోయే తీగలో ఉందన్నమాట. నేనైనా సరిగ్గా అదే వరసలో చూసేవాణ్ణి. ఆ వరస పట్టడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అతనికి ఎవరో ఒక వారంలో చెప్పి ఉంటారు.

'లోపం తీగలో ఉందండీ' అన్నాడు అతను. ఆ తీగలో చెయ్యి పెట్టింది నేనే.

మొదటి వారంలో బండి మీద మాటలున్న సీను తీశారు. అక్కడికక్కడే గొంతులు రికార్డు చేసే పద్ధతి అది. ఫ్యాను రొద పడుతోందని సౌండ్ వాళ్లు గోల పెడితే ఆ తీగను సీటు కింద కోసి చిన్న స్విచ్ పెట్టాను. టేకుకు ముందు ఆపడం, కట్ చెప్పగానే వేయడం. సీను అయిపోయాక స్విచ్ తీసేసి, తీగలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టాను. తర్వాత బండిని రెండు రోజులు నీళ్లలో నడిపారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనే కాదు, మా తరం పనివాళ్లం ఎవరమూ చెప్పేవాళ్లం కాదు. ప్రతి బండిలోనూ మనకు మాత్రమే తెలిసిన ముడి ఒకటి ఉండాలని, అదున్నన్నాళ్లూ మనల్ని తీసెయ్యరని మా ఉస్తాద్, అంటే నాకు మొదట పని చూపిన మేస్త్రీ, చెప్పేవాడు. నేను ఆ మాట బాగా పాటించాను.

భాస్కరరావు తల ఎత్తి నన్నే అడిగాడు. "యాదగిరి గారూ, ఈ వైరింగులో ఇదివరకు ఎవరైనా చెయ్యి పెట్టారాండీ?"

"నాకేం ఎరుక సార్," అన్నాను. "షోరూం బండి గద. మీకే తెల్వాలె."

పక్కనున్న డ్రైవర్లు కిసుక్కుమన్నారు. నాకు హాయిగా అనిపించింది. అతను విసిగి వదిలేస్తే నేను సీటు ఎత్తి రెండు నిమిషాల్లో ఫ్యాను తిప్పుతాను, రమణారావు చూస్తాడు. నా ఆలోచన అంతవరకే.

అతను విసిగిపోలేదు. ముందు వైపు నుంచి ప్లాస్టిక్కు కవర్లు ఒక్కొక్కటి విప్పుతూ తీగ వెంట జరుగుతున్నాడు. ఇరవై నిమిషాలైంది. ఎండ పడమటికి వాలుతోంది. రమణారావు ఓపిక అయిపోయింది. ఫ్యానును బ్యాటరీకి నేరుగా కలిపి షాట్ లాగించవచ్చని, కానీ ముందు ఇంజను చల్లారాలని, ఇంకో అరగంట ఎవరూ ముట్టుకోవద్దని భాస్కరరావు చెప్పాడు. అంతసేపు వెలుగుండదని, చన్నీళ్లు పోసి చల్లార్చమని రమణారావు ఒక డ్రైవర్‌ను పురమాయించాడు. ఆ డ్రైవరు తడిగుడ్డ పట్టుకుని నేరుగా రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు. కాగిన రేడియేటర్ మూత తీయకూడదని ఈ పనిలో మొట్టమొదట చెప్తారు. భాస్కరరావు లేచి అతన్ని పక్కకు నెట్టాడు. అప్పటికే మూత సగం తిరిగింది. ఆవిరి భాస్కరరావు ముంజేతి మీద కొట్టింది.

అతన్ని నీడకు తీసుకెళ్లి చెయ్యి నీళ్ల బకెట్లో పెట్టించారు. అప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇక ఇతను స్పానర్ పట్టలేడు, అడవికి నేనే. జాలి తర్వాత వచ్చింది.

సీటు ఎత్తాను. టేపు విప్పితే రాగి తీగ ఆకుపచ్చగా చిలుము పట్టి పొడిగా రాలింది. పాడైనంత మేర కోసి, కొత్త తీగ అతికించి, థర్మో స్విచ్ తీగలు మళ్లీ తగిలించి, తాళం తిప్పాను. నీళ్లింకా వేడిగానే ఉన్నాయి కాబట్టి ఫ్యాను వెంటనే అందుకుంది. చప్పట్లు కొట్టారు. బండి చల్లారాక కూలెంటు నింపాం, వెలుగు పోకముందే షాట్ అయింది. "అనుభవం అంటే ఇదయ్యా," అని రమణారావు అందరూ వినేలా అన్నాడు.

నేను బకెట్ దగ్గరికి వెళ్లాను. భాస్కరరావు నా చేతిలోని టేపు ముక్క చూశాడు.

"అది మీరు చుట్టిందేనాండీ?"

నేను తలూపాను.

"అడిగాను కదండీ," అన్నాడు. మిగతా బండ్లలో ఇలాంటివి ఎన్నున్నాయో రాసిపెట్టమన్నాడు. అడవిలో మీకు జ్వరమొస్తే బండ్లు చూసేవాడికి తెలియాలి కదా అన్నాడు. ఆ రాత పని నాకు ఆదివారమంతా పట్టింది. నాలుగు బండ్లలో ఏడు ముడులు తేలాయి.

అతను రమణారావుకు చెప్పలేదు. నేను రోజూ చూశాను, చెప్తాడేమోనని. చేతికి కట్టుతో వచ్చి, వైరింగులో జాయింటు పాడైందని, యాదగిరి గారు పట్టుకున్నారని, రిపేర్లు రాసే జాబ్ కార్డులో రాసి వెళ్లిపోయాడు. కాల్ షీటులో 'టెక్నీషియన్' అన్న మాట నా పేరు ముందుకు వచ్చింది. అడవికి నేనే వెళ్లాను. ఇరవై రెండు రోజులు బండ్లు ఒక్కటీ ఆగలేదు. కోరుకున్నదంతా దొరికింది. కానీ బండి దగ్గరికి పోయిన ప్రతిసారీ అతను ఎవరికీ చెప్పకపోవడమే గుర్తొచ్చేది. చదువులో నాకన్నా ఎక్కువ సరే, కుర్చీలో, కప్పులో ఎక్కువ సరే. నోరు మూసుకోవడంలో కూడా నాకన్నా పెద్దవాడు కావడం నేను ఓర్చుకోలేకపోయాను. తిరిగొచ్చిన మర్నాడే జూబ్లీహిల్స్ ఆఫీసుకు పోయి రమణారావుకు అంతా చెప్పేశాను. మంచితనంతో చెప్పానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. అతని దగ్గర నా సంగతి ఒకటి మిగిలి ఉండకూడదని చెప్పాను.

"ఆయన ఆ రోజే మిమ్మల్ని అడిగాడా?" అన్నాడు రమణారావు. అడిగాడన్నాను. తర్వాతి సినిమాకు భాస్కరరావును పెట్టుకున్నారు. నన్ను ఎవరూ పిలవలేదు. నా ఉద్యోగం అక్కడితో సరి.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇందులో చెప్పగలిగింది ఇంతే. బండిలో తీగ మారిస్తే ఆ రోజే కాగితం మీద రాసి బండికే తగిలించాలి. ముందు ఎవరైనా చెయ్యి పెట్టారా అని తోటి మెకానిక్ అడిగితే, అతను ఎంత గిట్టనివాడైనా నిజం చెప్పాలి. నేను ఆ గుట్ట మీద మొదటి నిమిషంలోనే నిజం చెప్పి ఉంటే ఫ్యాను ఆ ఇరవై నిమిషాలూ తిరిగేది, నీళ్లు చల్లబడేవి, ఆ చెయ్యి కాలేది కాదు.