కుప్ప ఎవరిదో చెప్పే పిల్ల

మా చిన్నప్పుడు... పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లారితే నాకొక ఉద్యోగం ఉండేది. సముద్రానికి వీపు పెట్టి నిలబడి, కనపడని చేపలు ఎవరివో చెప్పడం!

నవ్వకండి... చాలా పెద్ద ఉద్యోగం అది. నాన్నతో కలిపి నలుగురు ఒకే డోంగీలో, అదే చిన్న నాటుపడవలో, వేటకి వెళ్ళేవారు. అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. డోంగీ ఆ నలుగురిలో పెద్దాయన దాలయ్య తాతది. ఒడ్డుకి రాగానే చేపల్ని ఇసుకలో నాలుగు కుప్పలు పోసేవారు. ఆ కుప్పనే ఆడవాళ్ళు బుట్టకెత్తుకుని డైరీ ఫార్మ్, షాదీపూర్ వీధుల్లో అమ్ముకొచ్చేవారు. ఆ ఇంటికి ఆ రోజు బతుకు అదే.

ఎంత సమానంగా పోసినా ఒక కుప్ప కాస్త మిన్నగానే ఉంటుంది కదా... అందుకే ఒక పిల్లని వెనక్కి తిప్పి నిలబెట్టేవారు. తాత తెడ్డుతో ఏదో ఒక కుప్పని ముట్టుకుని "ఇదెవరిది?" అని అడిగేవాడు. పిల్ల ఎవరి పేరు చెబితే ఆ కుప్ప వాళ్ళది. మారు మాట ఉండదు.

ఆ పిల్ల నేనే. తొమ్మిదేళ్ళు. పెద్దవాళ్ళంతా నా నోటి మాట కోసం చూస్తుంటే... అబ్బో, ఆ గర్వం చెప్పలేను.

చిక్కల్లా ఇంట్లోనే. నాన్న పేరు నా నోట ఎప్పుడూ చిన్న కుప్పకే వచ్చేది. అమ్మ బుట్టలోకి చూసి "నీ నోట్లో ఏటుందే... సొంతింటికి కవళ్ళు, ఊరోళ్ళకి కోనాలూనా?" అనేది. కవళ్ళు చిన్న చేపలు, కోనాలు ఖరీదైన పెద్ద చేపలు. సరదాకే అనేదేమో. నాకు మాత్రం ముల్లులా దిగేది.

ఒకరోజు... అప్పుడే పొడిచిన సూర్యుడు నా వెనక ఉన్నాడు. నా ముందు ఇసుక మీద తాత నీడ పొడుగ్గా పడింది. తాత కదిలితే నీడా కదిలింది. పెద్ద కోనాం ఉన్న కుప్ప నా కుడిచేతి వైపు చివర ఉందని పోసేటప్పుడే చూశాను. నీడ అక్కడికి రాగానే "మా నాన్నది" అన్నాను.

అంతే. ఎంత తేలిక!

ఆ రోజు అమ్మ నా బుగ్గలు పుణికింది. రెండో రోజూ చేశాను. మూడో రోజు భయం వేసింది, నిజం... కానీ అమ్మ ముఖం గుర్తొచ్చి మళ్ళీ నీడనే చూశాను.

నాన్న ఆ కుప్ప బుట్టలోకి ఎత్తుకుంటుంటే ఎర్రయ్య మావ బుట్ట అంచు పట్టుకున్నాడు. ఆయనా నలుగురిలో ఒకడే. ఇంటినిండా పిల్లలు.

"ఆగు బావా. మూడ్రోజుల్నుంచి పెద్ద కుప్ప నీకే పడతంది. పిల్లకి సైగ, ఇషారా ఏటైనా సేస్తన్నావేటి?"

నాన్న ముఖం నల్లబడింది. "ఏటంటన్నావు? నాను సేస్తన్నానా?"

నాలుగో ఆయన, గురువులు చిన్నాన్న, ఇసుక వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయనా నమ్మట్లేదని నాకు అర్థమైంది. నాన్నకీ అర్థమైంది.

"సచ్ బోల్ అప్పన్నా, నిజం సెప్పు," అన్నాడు దాలయ్య తాత నాన్నతో. "ఇషారా ఉంటే రేపట్నుంచి నా డోంగీ ఎక్కకు."

మాకు సొంత డోంగీ లేదు. ఇది పోతే వేట లేదు. వేట లేకపోతే పొయ్యి వెలగదు. తొమ్మిదేళ్ళకే అది తెలుసు నాకు.

నాన్న రెండంగల్లో వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. బిడ్డ మీద ఒట్టంటే మాలో ఆఖరి మాట. అబద్ధపు ఒట్టు ఆ బిడ్డకే తగులుతుందని అమ్మ చెప్పేది.

"నా పిల్ల మీద ఒట్టు. నాను ఇషారా సెయ్యలేదు. నా పిల్లా మోసం..."

ఆ మాట పూర్తయితే చచ్చిపోతానన్న భయం ఒకటి... నాన్న నన్ను అంత నమ్ముతున్నాడన్న సిగ్గు దానికన్నా పెద్దది.

"సేసినాను నాన్నా!" అని అరిచేశాను. "నువ్వేం సెప్పలేదు. నానే... తాత నీడ సూసి సెప్పినాను. మూడ్రోజులూ!"

నాన్న చెయ్యి నా తల మీద నుంచి మెల్లగా జారిపోయింది. కొట్టి ఉంటే బాగుండేది. బుట్టలో చేపలన్నీ ఎర్రయ్య మావ ముందు గుమ్మరించి, నావైపు చూడకుండా ఇంటిదారి పట్టాడు. ఆ రోజంతా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

మర్నాడు నేను ఒడ్డుకి వెళ్ళలేదు. మంచం కింద దూరాను. తాతే మా గుమ్మం దాకా వచ్చాడు.

"కుప్పలు పోసేసినాం. పిల్లేదీ?"

"వద్దు మావా," అన్నాడు నాన్న. "ఇంకో పిల్లని సూసుకోండి."

"ఎందుకూ? ఎప్పుడూ తప్పు సెయ్యని పిల్లని ఎక్కడ్నుంచి తెస్తావు? సేసినానని నలుగురిలో సెప్పిన పిల్ల సాలు మాకు." వంగి మంచం కిందకి చూశాడు. "చలో బేటీ, ఎండెక్కుతంది."

వెళ్ళాను. సముద్రానికి వీపు పెట్టాను... ఈసారి కళ్ళు కూడా గట్టిగా మూసుకున్నాను.

"ఇదెవరిది?"

ఏడుపొచ్చేసింది. ఎర్రయ్య మావే "సెప్పమ్మా, పర్లేదు" అన్నాడు. ఏడుస్తూనే ఒక్కో పేరూ చెప్పాను. మాకు ఏ కుప్ప వచ్చిందో నేను చూడలేదు. ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు ఆ ఒడ్డున కరెంటు కాటాలు వచ్చాయి... గ్రాము తేడా రాదు. పిల్లల్ని ఎవరూ పిలవరు, వాళ్ళకి బడి బస్సు టైమవుతుంది. మంచిదే. కానీ నేను కాస్తో కూస్తో మనిషినయ్యానంటే, ఆ రోజు నిజం చెప్పినందుకు కాదు. భయానికి ఎవరైనా చెబుతారు. తప్పు చేసిన మర్నాడే నన్ను పిలవడానికి ఒక పెద్దాయన మా గుమ్మం దాకా నడిచొచ్చాడు... అందుకు.

మా పిల్లలు తప్పు చేసినప్పుడు నేను అలా పిలవగలిగానా అంటే... లేదు. చాలాసార్లు లేదు.

మిమ్మల్ని అలా మళ్ళీ పిలిచినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ గురించి కింద రెండు ముక్కలు రాయండి... వాళ్ళు ఇప్పుడు లేకపోయినా సరే.